కాగితం ముందు, కార్పెంటర్ తర్వాత

ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో మెకానిక్ షెడ్ల పక్కగా నడిచిపోతుంటే ఎప్పుడో ఒకసారి మీ కంట పడే ఉంటుంది. ఒక తెల్ల బండి. టైర్లలో గాలి దిగిపోయింది, నెత్తి మీద లైటు పగిలింది, ముందు అద్దం కింద తిరగేసి రాసిన అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి. ఏదో ఆసుపత్రివాళ్లు కొత్త అంబులెన్స్ కొనుక్కుని పాతదాన్ని అమ్మకానికి పెట్టారు. మీరు ఆగారు. వెనక తలుపు తీసి లోపలికి ఎక్కారు. నిలబడితే తల తగల్లేదు. ఇందులో ఒక మంచం, ఒక ఫ్యాను, ఒక చిన్న పొయ్యి పెట్టుకుంటే హంపీ పోవచ్చు, గోకర్ణం పోవచ్చు, ఎక్కడ చీకటి పడితే అక్కడే పడుకోవచ్చు అనిపించింది. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు కదూ?

ఆ కోరిక మంచిదే. దాన్ని ఎవరూ నవ్వి కొట్టిపారేయనివ్వకండి. కానీ ఇలా కొన్న బండ్లలో చాలావాటికి పట్టే గతి కూడా ముందే చెప్పాలి. మొదటి నెలలో కార్పెంటర్ వస్తాడు. మూడో నెలకు అల్మరాలు తయారవుతాయి. ఆరో నెలలో ఆర్టీఓ ఆఫీసులో ఒక ప్రశ్న ఎదురవుతుంది, దానికి జవాబు ఉండదు. ఏడాది తిరిగేసరికి బండి టార్పాలిన్ కప్పుకుని ఇంటి ముందు నిలబడి ఉంటుంది. డబ్బు లేకనా? పని రాకనా? రెండూ కాదు. చివర చేయాల్సిన పని ముందు చేశారు, ముందు చేయాల్సింది చివరకు నెట్టారు. ఈ అధ్యాయమంతా ఆ వరుస గురించే.

ఒక మాట. బండిలో కాపురం మనకు పరాయిది కాదు. ఉరుకుంద ఈరన్న దగ్గరికి శ్రావణమాసంలోను, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరకు సంక్రాంతి రోజుల్లోను గూడుబండ్లు కట్టుకుని, కింద గడ్డి పరిచి, పైన దుప్పటి కప్పి వెళ్లిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. 1982లో ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యాను ఒకదాన్ని మార్పించి, చైతన్యరథమని పేరు పెట్టి, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా తిరిగారు. తిండీ స్నానం అన్నీ రోడ్డు పక్కనే. తెలుగువాళ్లు కళ్లారా చూసిన మొదటి క్యాంపర్ అదేనని నా లెక్క. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా 'ఇదేం విదేశీ పిచ్చి' అంటే ఈ రెండూ గుర్తుచేయండి.

ఎవరి బండి కొంటున్నారు?

అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. చాలామంది అడగరు.

108 సేవ మన ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. 2020 జూలై 1న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒకేసారి 1088 కొత్త 108, 104 వాహనాలు రోడ్డెక్కాయి. అంటే పాత బండ్లు తరాల వారీగా పక్కకు జరుగుతూనే ఉంటాయి. అవి వేలానికి వస్తే ఎగబడి కొనాలనిపిస్తుంది. ఆగండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధన ప్రకారం 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనానికి రిజిస్ట్రేషన్ కొనసాగదు. అది తుక్కు కేంద్రానికి పోవాల్సిందే. అలాంటి బండిని ఎంత చవగ్గా కొన్నా మీరు కొన్నది ఇనుమే, బండి కాదు.

కాబట్టి ప్రభుత్వ బండైతే 15 ఏళ్ల లోపుదై, వేలం కాగితాల్లో 'వాడకానికి' అని ఉందా, 'తుక్కుకు' అని ఉందా చూసుకోండి. అంతకన్నా తేలిక దారి ప్రైవేటు ఆసుపత్రుల బండ్లు, ట్రస్టుల బండ్లు. ఓనరు ఎదురుగా ఉంటాడు, సర్వీసు చరిత్ర అడగొచ్చు, డ్రైవరుతో మాట్లాడొచ్చు. డ్రైవరుతో మాట్లాడటం మరిచిపోవద్దు. బండి గురించి ఓనరుకు తెలియనివి అతనికి తెలుసు.

మనకు ఇంకో సంగతి ఉంది. బళ్లారి, రాయచూరు పక్కనే. అక్కడి బండి కొంచెం తక్కువకు దొరికినట్టు కనిపిస్తుంది. కర్ణాటక నంబరు బండికి అక్కడి ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ పన్ను కట్టాలి, నంబరు మార్చాలి. ఆ ఖర్చూ తిరుగుడూ కలిపి లెక్క వేసి, అప్పటికీ చవకైతేనే పొండి.

బేరానికి ముందు కాగితం

బ్రోకర్ ఇలా అంటాడు: "కాగితాలన్నీ క్లియర్‌గానే ఉండాయన్నా, పేరు మార్చుకునేదొకటే మీ పని."

మీరు ఇలా అడగండి: "ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది తమ్ముడూ? ఆర్‌సీలో ఏ క్లాసు రాసుంది? ఫైనాన్సు తీరిందా?"

ఈ మూడు ప్రశ్నలకు తడుముకుంటే టీ తాగి వచ్చేయండి. తడుముకోకపోయినా మీరే చూసుకోండి. రవాణా శాఖ పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫిట్‌నెస్, బీమా, ఫైనాన్సు వివరాలు కనిపిస్తాయి.

అసలు చిక్కు ఎక్కడో చెబుతాను. ఆర్‌సీలో అది అంబులెన్స్. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5 వేల రూపాయల జరిమానాగానీ, ఆరు నెలల వరకు జైలుగానీ, రెండూగానీ పడేలా 2019లో చట్టాన్ని సవరించారు. అంబులెన్స్‌గా మాత్రమే తిరిగే బండికి పర్మిట్ అక్కర్లేదు. ఆ పని మానిన రోజే ఆ మినహాయింపూ పోతుంది. బీమా కంపెనీ కూడా అంబులెన్స్‌కే పాలసీ ఇచ్చింది. మీరు అందులో మంచం వేసుకుని కొల్లాపూర్ దగ్గర ప్రమాదానికి గురైతే, క్లెయిమ్ తిప్పికొట్టడానికి వాళ్లకు కారణం మీరే అందించినట్టవుతుంది.

మరి దారి లేదా? ఉంది. కేంద్రం వాహనాలను వర్గీకరించిన జాబితాలో 'సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్' అనే తరగతి ఉంది, అది నాన్‌ట్రాన్స్‌పోర్ట్ కిందికి వస్తుంది. అంబులెన్స్ నిర్మాణానికి ఏఐఎస్-125 ప్రమాణమైతే, మోటారు కారవాన్లకు ఏఐఎస్-124 ఉంది. కాగితాల్లో పక్కపక్క నంబర్లు, కానీ ఒకదాన్నుంచి రెండోదానికి మీరే నడవాలి. ఎలా నడవాలంటే:

1. బండి కొనకముందే, దాని ఆర్‌సీ నకలు తీసుకుని మీ రవాణా కార్యాలయానికి వెళ్లండి. 'ఈ బండిని అంబులెన్స్ నుంచి సొంత వాడకపు క్యాంపర్‌గా మార్చుకోవాలి, ఏమేం కావాలి?' అని రాతపూర్వకంగా అడగండి. కౌంటర్ దగ్గర నోటిమాటగా దొరికిన 'చూద్దాంలే' అనేది అనుమతి కాదు.

2. గీసిన ప్లాను వెంట తీసుకెళ్లండి. ఎన్ని సీట్లు ఉంటాయి, మంచం ఎక్కడ, గ్యాసు ఎక్కడ, ఎంత బరువు పెరుగుతుంది. ఇన్‌స్పెక్టర్ అడగబోయేవి ఇవే. చేతిలో ప్లాను ఉన్నవాడితో మాట్లాడే తీరు వేరు, మీరే గమనిస్తారు.

3. కాదన్నారా? ఆ బండి కొనకండి. 'కొన్నాక ఎవరినో పట్టుకుని చేయించుకుందాం' అనుకోవద్దు. టార్పాలిన్ కింద కనిపించే బండ్లలో చాలావాటి కథ మొదలైంది ఆ మాటతోనే.

4. ఔనన్నారా? బయానా ఇచ్చేముందు అమ్మేవాడితో ఒప్పందంలో ఫారం 29, 30 సంతకాలు, పాత చలాన్లు, పన్ను బకాయిలు అతని బాధ్యతేనని రాయించుకోండి.

ఈ దశకు రెండు మూడు నెలలు పట్టొచ్చు. విసుగొస్తుంది. ఆ విసుగు అణచుకోలేక కార్పెంటర్‌కు ఫోన్ చేయాలనిపిస్తుంది. చేయకండి. ఈ లోపల మీకు చేయదగ్గ పని ఒకటుంది, ఇంటి ముందు ముగ్గు వేయడం. నిజంగానే. బండి లోపలి పొడవు, వెడల్పు టేపుతో కొలిచి, ఆ కొలతలతో వాకిట్లో ముగ్గుపిండితో గీయండి. మంచం ఎక్కడో, పొయ్యి ఎక్కడో, తలుపు ఎక్కడో అందులోనే గీసి, ఇంటావిడతోగానీ పిల్లలతోగానీ ఒక గంట ఆ గీతల మధ్యే మెలగండి. రిటైరైన ఒక టీచరు దంపతులు ఇలా గీసుకున్నారనుకుందాం. ఆయన పొయ్యి దగ్గర, ఆమె నీళ్ల డబ్బా దగ్గర నిలబడగానే ఇద్దరి మోచేతులూ తగులుతాయి. పొయ్యిని వెనక తలుపు వైపుకు జరుపుతారు. ముగ్గుపిండితో దిద్దుకున్న తప్పుకు ఖర్చేమీ లేదు. అదే తప్పు ప్లైవుడ్‌లో జరిగితే?

కిలోమీటర్లు చూసి మోసపోవద్దు

అంబులెన్స్‌కు మీటరు రీడింగు సగం నిజమే చెబుతుంది. బండి ఆసుపత్రి ముందు నిలబడినప్పుడు కూడా ఏసీ కోసం ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. ఆ గంటలు మీటరులో పడవు. పైగా చల్లటి ఇంజన్‌ను ఒక్కసారిగా ఉరికించడం, గట్టి బ్రేకులు, అర్ధరాత్రి నల్లరేగడి దారుల్లో గుంతలు. కనుక ఇంజన్ ఆయిలు, టర్బో, క్లచ్, సస్పెన్షన్ బుష్‌లు మీకు నమ్మకమున్న మెకానిక్‌తో చూపించండి. అమ్మేవాడు తెచ్చిన మెకానిక్ "ఇంజన్ గట్టిగుంది సామీ" అంటే ఆ మాటకు విలువ కట్టకండి.

ఇంకా ముఖ్యమైంది తుప్పు. అంబులెన్స్ లోపలిభాగాన్ని రోజూ బ్లీచింగ్ ద్రావణంతో తుడుస్తారు, నీళ్లతో కడుగుతారు. ఆ ద్రావణంలోని హైపోక్లోరైట్ ఉక్కును తినేస్తుంది. పైకి వినైల్ షీటు నిగనిగలాడుతుంది, కింద రేకు జల్లెడైపోయి ఉంటుంది. ఎక్కడ చూడాలి? స్ట్రెచర్ పట్టాలు బిగించిన బోల్టుల చుట్టూ, వెనక తలుపు గడప దగ్గర, చక్రాల గుంతల పైన. షీటు అంచు ఎత్తి స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. లోపలికి దిగితే బేరం అక్కడే ఆపేయండి.

అమెరికాలో పాత అంబులెన్సులను ఇళ్లుగా మార్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల వీడియోలు చూడండి, ఉత్సాహం తెచ్చుకోండి, కానీ పని మాత్రం కాపీ కొట్టకండి. అక్కడి చాలా బండ్లకు వెనక విడిగా అల్యూమినియం పెట్టె ఉంటుంది. మన దగ్గర అంబులెన్సులుగా తిరిగే ట్రావెలర్, వింగర్ వ్యాన్లు ఉక్కు రేకు బండ్లు. వాళ్లు ఎక్కువగా చలితో పోరాడతారు, మనం ఎండతో.

ముందు శుభ్రం, ఆ తర్వాతే సామాను

ఈ బండిలో మనుషులు నొప్పితో పడుకున్నారు. కొందరు బతికి దిగారు, కొందరు దిగలేదు. ఇంట్లో పెద్దవాళ్లు దాని గురించి అడుగుతారు. పూజ చేయించాలంటే చేయించండి, అది వాళ్ల మనశ్శాంతికి. శుభ్రం మాత్రం మీ చేతులతో జరగాలి.

దళసరి తోలు గ్లవ్స్ వేసుకోండి. టిటనస్ ఇంజెక్షన్ వేయించుకోండి. సీట్లు, రెక్సిన్, ఫోమ్ అన్నీ ఊడదీసి పారేయండి, ఒక్కటీ మిగల్చొద్దు. సీటు సందుల్లో, స్ట్రెచర్ పట్టాల కింద సూదులు ఇరుక్కుని ఉంటాయి. వేళ్లు పెట్టి వెతక్కండి. టార్చి వెలుగులో చూసి, పట్టకారుతో తీయండి. దొరికినవి గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, దగ్గరి ఆసుపత్రిలో ఇవ్వండి. ఆ తర్వాత సబ్బునీళ్లతో కడగాలి, ఆపైన ఒక శాతం హైపోక్లోరైట్ పూసి పది నిమిషాలు ఉంచాలి, మళ్లీ మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. చాలామంది సబ్బు దశ మానేసి నేరుగా బ్లీచింగ్ చల్లుతారు. మురికి మీద అది పనిచేయదు.

ఆక్సిజన్ గొట్టాలను వంటగ్యాసుకు వాడుకుందామన్న ఆలోచన వస్తే వెంటనే చెరిపేయండి. మొత్తం తీసేయండి. సిలిండర్ మిగిలి ఉంటే నింపే ఏజెన్సీకి అప్పగించండి.

సైరన్, నెత్తి మీద లైటు, రాతలు, గుర్తులు: ఇవి బండిని ఇంటికి తెచ్చే రోజే పోవాలి. 'రంగు వేయించేటప్పుడు తీసేస్తాంలే' అనొద్దు. సైరన్ మోత వినగానే ఆదోని బజారులో తోపుడుబండివాడు కూడా పక్కకు జరుగుతాడు. దారి ఇవ్వనివాడికి 10 వేల రూపాయల జరిమానా రాసిపెట్టింది చట్టం. ఆ నమ్మకాన్ని మంత్రాలయం ట్రాఫిక్‌లో తొందరగా పోవడానికి వాడుకున్నవాడు, రేపు నిజంగా ప్రాణం మోసుకొచ్చే బండికి దారి మూసినట్టే. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

తెల్ల రంగు మాత్రం ఉంచుకోండి. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

ఎండే అసలు పరీక్ష

ఏప్రిల్‌లో కర్నూలు జిల్లా పడమర ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. ఇనుప డబ్బా లోపల ఎంత ఉంటుందో ఊహించుకోండి. ఎంత అందమైన అల్మరాలు చేయించినా, రాత్రి పన్నెండు గంటలకు పడుకోలేకపోతే అది ఇల్లు కాదు. మీ ఖర్చులో పెద్ద వాటా ఇక్కడే పెట్టండి.

తెల్ల రంగు ఎండను తిప్పికొడుతుంది. ముదురు నీలం, నలుపు ఫోటోల్లో బాగుంటాయి, మన ఎండలో కాదు. పైగా రంగు మారిస్తే ఆర్‌సీలోనూ మార్పించాలి.

పైకప్పు లోపల ఇన్సులేషన్ తప్పనిసరి. ఏసీ డక్టులకు చుట్టే నల్ల నైట్రైల్ రబ్బరు షీటు, 19 లేదా 25 మిల్లీమీటర్లది, రేకుకు గాలి సందు లేకుండా అంటించాలి. చవగ్గా వస్తుందని థర్మకోల్ నింపేవాళ్లున్నారు. బండి కుదుపులకు అది పొడిపొడిగా రాలుతుంది, కిచకిచమంటుంది, నిప్పంటుకుంటే ఆగదు. అంబులెన్స్‌కు ముందే లోపలి ప్యానెళ్లు ఉన్నాయి కదా అని వదిలేయకండి. ఒక ప్యానెల్ విప్పి చూడండి, వెనక ఖాళీ ఉంటే ఖాళీయే.

కప్పు మీద గాలిని బయటికి లాగే 12 వోల్టుల ఫ్యాను ఒకటి, కింద నుంచి చల్లగాలి వచ్చే జాలీ కిటికీ ఒకటి. వేడి పైకి పోతుంది, కింద నుంచి చల్లన వస్తుంది. మన పాత మిద్దెల్లో గవాక్షం చేసేది ఇదే పని.

మరి ఏసీ? బండి నడుస్తున్నప్పుడు వెనక ఏసీ ఇంజన్‌తో పనిచేస్తుంది, వాడుకోండి. ఆగిన బండిలో ఇంజన్ నడిపి ఏసీ వేసుకుని పడుకోవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మనకు ప్రకృతి ఇచ్చిన సాయం ఒకటుంది. మన వేసవిది పొడి వేడి. కోస్తాలో ఉక్కపోతకు లొంగే చిన్న కూలరు ఇక్కడ చక్కగా పనిచేస్తుంది. వేపచెట్టు నీడ, కూలరు, పైన ఫ్యాను, ఇంతే. పరుపు ఫోమ్‌ది వద్దు, వీపు కింద కాలుతుంది. పత్తి ఊరైన ఆదోనిలో ఉండి దూది పరుపు కుట్టించుకోకపోతే ఎలా? తెరలకూ దుప్పట్లకూ ఎమ్మిగనూరు మగ్గం గుడ్డ చాలు. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు అది. ఉతికేకొద్దీ మెత్తబడే గుడ్డ దొరుకుతుంది.

కరెంటు లెక్క, ఒక్క కాగితం మీద

భయపడకండి, కూడికలే. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో సుమారు 1280 వాట్-అవర్లు ఉంటాయి. వెయ్యి వాడుకోవచ్చు అనుకోండి.

30 వాట్ల ఫ్యాను 8 గంటలు: 240.
10 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు 5 గంటలు: 50.
రెండు ఫోన్లు: 40.
చిన్న 12 వోల్టుల ఫ్రిజ్ రోజంతా: దాదాపు 500.

మొత్తం 830. సరిపోయింది. ఇప్పుడు ఇదే బ్యాటరీతో ఒక టన్ను ఏసీ నడపాలనుకోండి, గంటకే వెయ్యి అయిపోతుంది. కూలరు పెట్టుకుంటే దాని వాట్లు చూసి, ఫ్రిజ్ మానేయాలో రెండో బ్యాటరీ కొనాలో మీరే తేల్చుకోండి. నింపుకోవడానికి ఎండ ఉంది. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల గ్రామాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు కట్టింది ఊరికే కాదు. కప్పు మీద 330 వాట్ల పలక ఒకటి పెడితే మామూలు రోజున మీ అవసరం తీరుతుంది.

అంబులెన్స్‌లో ముందే ఇన్వర్టరు, అదనపు వైరింగు ఉంటాయి. అదృష్టమే, కానీ ఏ వైరు ఎక్కడికి పోతుందో తెలియకుండా ఒక్కటీ వాడొద్దు. ఒక్కో వైరునూ వెతికి చీటీ అంటించండి. అంతుపట్టని వైరును వదిలేయకుండా తీసేయండి. బ్యాటరీకి అడుగు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు లేని బ్యాటరీ పక్కన పిల్లలను పడుకోబెట్టగలరా?

నీళ్లు, పొయ్యి, బరువు

ఇద్దరికి రోజుకు 20 లీటర్లు, స్నానం కాకుండా. 40 లీటర్ల డబ్బా చాలు. పెద్ద ట్యాంకు పెట్టాలనిపిస్తుంది, లీటరంటే కిలో అని గుర్తుంచుకోండి.

గ్యాసుకు 5 కిలోల చిన్న సిలిండర్ మించొద్దు. వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే నేల మీదే పేరుకుంటుంది, కాబట్టి సిలిండర్ గూటికి అడుగున బయటికి రంధ్రం ఉండాలి. వెనక తలుపులు తెరిచి, పొయ్యిని గడప దగ్గర పెట్టి వండటం అన్నిటికన్నా క్షేమం.

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు, ఎనిమిది అడుగులకు నాలుగడుగులది, 30 కిలోలు దాటుతుంది. అలాంటివి పది వాడారంటే నలుగురు పెద్దమనుషులను ఎప్పుడూ మోస్తున్నట్టే. అల్యూమినియం సెక్షన్ చట్రం, మీద పలచటి ప్లై చాలు. బరువును రెండు వైపులా సమానంగా పంచండి. బండి కదులుతున్నప్పుడు ఎవరూ మంచం మీద పడుకోకూడదు. బెల్టు ఉన్న సీట్లు ఎన్నో, మనుషులు అంతమందే.

ఏం తీసుకెళ్లాలో ఎవరిని అడగాలి?

కోసిగి, కౌతాళం వైపు కుటుంబాలను అడగండి. ఏటా సుగ్గికి, అంటే కూలిపనుల వలసకు, గుంటూరు మిరపతోటలకు పోయేవాళ్లు నెలల తరబడి గుడారాల్లో గడుపుతారు. వాళ్లది సరదా కాదు, వానలు మొహం చాటేసిన నేల నుంచి పొట్ట చేతపట్టుకుని పోవడం. ఆ తేడా మనం మరవకూడదు. కానీ తక్కువ సామానుతో బతకడంలో వాళ్లకున్న నేర్పు ఏ పుస్తకంలోనూ దొరకదు. వాళ్ల మూటలో ఏముంటుంది? రెండు గిన్నెలు, ఒక పెనం, నీళ్ల బిందె, పొడవాటి తాడు, గోనెపట్టాలు, టార్చి, మందుల పొట్లం, ఎండబెట్టిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. నెలలకు ఆ మూట సరిపోతే, మన నాలుగు రోజులకు మిక్సీ ఎందుకు?

ఎండు జొన్నరొట్టె ఉంటే మొదటి రెండు రోజులు పొయ్యి వెలిగించక్కర్లేదు. పొద్దున ఉగ్గాని, బజ్జీ దారిలో ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

మొదటి మూడు రాత్రులు

నేరుగా హిమాలయాలకు బయలుదేరేవాళ్లున్నారు. వద్దు.

మొదటి రాత్రి మీ వాకిట్లోనే పడుకోండి. ఇంట్లోకి రాకూడదన్నది ఒకటే షరతు. దేనికోసం లేచి ఇంట్లోకి వెళ్లాలనిపించిందో రాసిపెట్టుకోండి. దోమతెర, చెంబు, కళ్లజోడు పెట్టుకునే చోటు. ఆ చీటీయే మీ తర్వాతి పనుల పట్టిక.

రెండో రాత్రి మంత్రాలయం. దగ్గర, జాతీయ రహదారి, మరుగుదొడ్లూ భోజనమూ ఉన్న చోటు. ఏదైనా చెడిపోతే గంటలో ఇంటికి రావచ్చు.

మూడోది హంపీ. ఆ తర్వాత తొలకరి పడ్డాక జొన్నగిరి, తుగ్గలి చేల వైపు వెళ్లి చూడండి. వజ్రాల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు చెట్ల కింద, గుడి అరుగుల మీద పడుకుని ఉంటారు. దగ్గర్లోనే ఎర్రగుడి అశోకుని శాసనాలున్నాయి. వజ్రం దొరక్కపోయినా రెండు వేల ఏళ్లు దాటిన రాతను తాకినంత దగ్గరగా చూడొచ్చు. చేలో బండి పెట్టేముందు రైతును అడగండి. విత్తనం పడే రోజులవి.

ఇంకొక్క మాట. మీ బండి మీద ఇప్పుడు రాతలు లేవు, సైరన్ లేదు. అయినా దాని ఆకారం జనానికి తెలుసు. ఏ కోసిగి దారిలోనో రాత్రివేళ ఒకాయన పరిగెత్తుకొచ్చి చెయ్యెత్తుతాడు, పక్కన నొప్పులు పడుతున్న ఆడకూతురు ఉంటుంది. ఇది అంబులెన్స్ కాదని చెప్పి వెళ్లిపోవద్దు. 108కి ఫోన్ చేయండి. అది వచ్చేలోగా ఆలస్యమయ్యేట్టుంటే మంచం మీది సామాను కిందికి దించి ఎక్కించుకోండి. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లు ఎదురైనా అంతే. వాళ్లకు సాయం చేసినవాడికి రక్షణ ఇస్తూ మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ ఉంది, కేసులకు భయపడక్కర్లేదు. ఒక దుప్పటి, ఒక ప్రథమ చికిత్స పెట్టె, దగ్గరి ఆసుపత్రుల నంబర్లు రాసిన కాగితం ఎప్పుడూ డ్రైవర్ సీటు వెనక ఉంచండి. రేపు ప్లాను గీసేటప్పుడు వాటికి కూడా ఒక గూడు గీయండి.